సముద్రపు నీరుకుక్క పుఱ్ఱె: ఒక నకలునుండి నేర్చిన పాఠము

మా పాఠశాల విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో కిటికీప్రక్క బల్లమీద నొక పుఱ్ఱె యున్నది. దాని పొడవు జానెడు లేదు. రంగు పాతబడిన దంతమువలె నుండును. ముట్టె పొట్టిగను, తలవెనుక వెడల్పుగను, దవడలు మిక్కిలి బలిష్ఠముగను ఉన్నవి. ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు గల మా విద్యార్థులందఱును దానిని చేతబట్టి చూచినవారే. దాని పండ్లు లెక్కించి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకొన్నవారును పెక్కుమంది. అది సముద్రపు నీరుకుక్క పుఱ్ఱె. కాదు, సముద్రపు నీరుకుక్క పుఱ్ఱెకు నకలు. ఈ రెండు వాక్యములకు నడుమ గల భేదమే యీ వ్యాసమునకు విషయము. ఆ భేదమును మేము కొంత ఆలస్యముగా తెలిసికొంటిమి గనుక, మా విద్యార్థులకు దాచక చెప్పవలసియున్నది.

మా పూర్వవిద్యార్థి యొకడు కాలిఫోర్నియాలో కంప్యూటరు ఉద్యోగము చేయుచు, సెలవులలో హఫీజ్‌పేటకు వచ్చినపుడు, చాక్లెట్లకు బదులుగా దీనిని మాకు తెచ్చి యిచ్చెను. బోధనకును సేకరణకును పనికివచ్చునట్లు రెసిన్ అను కృత్రిమపదార్థముతో పోతపోసిన నకలని పెట్టెమీద స్పష్టముగా వ్రాసియే యుండెను. పెట్టెను మేము బీరువాలో పెట్టితిమి. పుఱ్ఱెను బల్లమీద పెట్టితిమి. తప్పు అక్కడనే మొదలయ్యెను. పాఠశాల విజ్ఞాన ప్రదర్శననాడు దానిముందు మేము స్వహస్తముతో వ్రాసి నిలిపిన అట్టముక్కపై “సముద్రపు నీరుకుక్క పుఱ్ఱె” అని మాత్రమే యుండెను. “నకలు” అను మాట వ్రాయుటకు చోటు లేక కాదు. అది వ్రాసినచో చూచువారి ఆశ్చర్యము తగ్గిపోవునేమో యను తలంపు మాలో నెక్కడనో యుండెను. ఇది ఒప్పుకొనుట మాకు సుఖముగా లేదు.

ఆనాడు ఏడవ తరగతి బాలిక యొకతె తన తాతగారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆయన కాకినాడ దగ్గఱ మడ అడవుల ప్రాంతమున చేపలు పట్టి జీవించి, ముసలితనమున కుమారునియొద్దకు హఫీజ్‌పేట చేరినవారు. కోరింగ ఏటిపాయలలో నీరుకుక్కలు గుంపులుగా దిగి, వలలోని చేపలను లాగుకొనిపోవుటను చిన్ననాటినుండి యెఱిగినవారు. ఆయన పుఱ్ఱెను చేతబట్టి, అటునిటు త్రిప్పి, గోటితో తట్టి, దవడ క్రిందిభాగమున వ్రేలు రాచి, మెల్లగా ఇట్లనిరి: “అయ్యగారూ, ఇది ఎముక కాదండి. ఎముకైతే లోపల గుల్లగా ఉంటదండి. ఇది పోత పోసిందండి. ఇదిగో, అతుకు గీత.”

ఆయన చూపినచోట నిజముగనే సన్నని గీత యుండెను. రెండు సగములుగా చేసిన అచ్చును మూసినపుడు, ఆ సందులోనికి కాఱిన రెసిన్ గట్టిపడి మిగిలిన గీత యది. రెండేండ్లుగా దానిని చేతబట్టి పాఠము చెప్పుచున్న మాకు అది కనబడలేదు. అచ్చు లోపము మాకు కనబడకపోవుట యొక యెత్తు. ఆ బాలిక తరువాత నడిగిన ప్రశ్న మఱియొక యెత్తు. “మాస్టరుగారూ, ఇది నిజమైన ఎముక కాకపోతే, దీన్ని చూపించి మీరు చెప్పినదంతా కూడా నిజం కాదా?” తాతగారు మనుమరాలిని కసరబోయిరి. కసరవలదని మేమంటిమి గాని, వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆ జవాబే యిప్పుడు వ్రాయుచున్నాము.

మొదట జంతువును గుఱించి కొంత. నీరుకుక్క యని మనవారు పిలుచు జంతువు కుక్కజాతిది కాదు, ముంగిసజాతిదియు కాదు. శాస్త్రజ్ఞులు దానిని మస్టెలిడే అను కుటుంబమున చేర్తురు. కోరింగలో తాతగారు చూచినది నున్నని బొచ్చుగల నీరుకుక్క. అది పెరిగిన పిమ్మట 7 మొదలు 11 కిలోగ్రాముల వఱకు తూగును. నదులు, ఏటిపాయలు, చెఱువులు దాని నివాసము. చేపలు దాని ముఖ్యాహారము. సముద్రపు నీరుకుక్క దానికి దాయాదియే కాని, మన సముద్రములలో నది లేదు. పసిఫిక్ మహాసముద్రపు ఉత్తరభాగమున, రష్యాకు చెందిన కూరిల్ ద్వీపములు, కమ్చట్కా మొదలుకొని, అల్యూషియన్ ద్వీపములు, అలాస్కా మీదుగా కాలిఫోర్నియా వఱకు గల తీరములలో మాత్రమే యున్నది. మగది 45 కిలోగ్రాముల వఱకు తూగవచ్చును; ఆ కుటుంబమున నింత బరువైన జంతువు మఱియొకటి లేదు.

తిమింగలమునకును సీలునకును చర్మముక్రింద దళసరి క్రొవ్వు పొర యుండి చలినుండి కాపాడును. ఈ జంతువునకు అట్టి పొర లేదు. దానికి గల రక్ష బొచ్చొక్కటే. చదరపు సెంటీమీటరు చోటులో లక్షకు పైగా వెండ్రుకలుండును. మనుష్యుని తలయందంతట కలిపినను సుమారు లక్షయే యుండునని గుర్తుంచుకొన్నచో ఆ దట్టము తెలియును. ఆ బొచ్చు నడుమ చిక్కుకొన్న గాలియే దాని కంబళి. దానికి తోడు, దేహమున వేడి నిలుపుకొనుటకై అది దినమునకు తన బరువులో నాలుగవవంతు ఆహారమును తినవలెను. కావున దాని జీవితమంతయు తినుటయు, బొచ్చు దువ్వుకొనుటయు, నీటిపై వెల్లకిల పడుకొనుటయు. పీతలు, ఆల్చిప్పలు, నత్తలు, ముండ్లు గల గుండ్రని సీ అర్చిన్‌లు దాని భోజనము. అడుగునుండి ఒక రాయిని తెచ్చుకొని, వెల్లకిల తేలుచు, రొమ్ముమీద రాయి నుంచి చిప్పలను దానిపై కొట్టి పగులగొట్టుకొనును. పనిముట్టును వాడు జంతువులు లోకమున మిక్కిలి కొద్ది; అందు నిది యొకటి.

ఇప్పుడు పుఱ్ఱెను చేతబట్టుదము. దీనియందు పండ్లు 32. కోరింగ నీరుకుక్కకు 36. తగ్గిన నాలుగు ఎక్కడివని మా విద్యార్థులను వెదకమందుము. పైదవడలో ఇరుప్రక్కల నొక్కొక్క అగ్రచర్వణకము తక్కువ. క్రిందిదవడలో ఇరుప్రక్కల నొక్కొక్క కుంతకము తక్కువ. కుక్కకును, పిల్లికిని, మన నీరుకుక్కకును క్రిందిదవడ ముందుభాగమున ఆరు కుంతకములుండగా, దీనికి నాలుగే. ఆ నాలుగును ముందునకు పొడుచుకొని వచ్చియుండును. చిప్పలోని మెత్తని మాంసమును గోకి తీయుటకు అవి చెంచావలె పనికివచ్చును.

చర్వణకములను చూడుడు. పిల్లి పండ్లు కత్తెర. ఆవు పండ్లు తిరుగలి. ఇవి రెండునుగాక రోటివలె గుండ్రముగా, వెడల్పుగా, అంచులు మొండిగా నున్నవి. మాంసమును కోయవలసిన జంతువునకు వాడి యంచు కావలెను. చిప్పను నలుగగొట్టవలసిన దానికి మొండి యంచే మేలు, వాడిదైనచో విఱిగిపోవును. ఈ సంగతులన్నియు రెసిన్ నకలునందు చక్కగా తెలియుచున్నవి. ఏలయన, ఇవి ఆకారమునకు సంబంధించినవి. అచ్చు ఆకారమును దొంగిలించును. మంచి అచ్చు వెండ్రుకవాసి గీతను సైతము వదలదు. కావున ఆ బాలికకు మా మొదటి జవాబు: ఆకారమును గుఱించి మేము చెప్పినది నిజమే.

అయితే ఆకారము కానివి కలవు. సముద్రపు నీరుకుక్కలలో సీ అర్చిన్‌లను విశేషముగా తినుదానికి పండ్లును ఎముకలును ఊదారంగునకు తిరుగును. ఆ అర్చిన్‌ల దేహమందలి వర్ణద్రవ్యము ఎముకలలో చేరుటయే దీనికి కారణము. కిళ్లీ వేయువాని పండ్లు ఎఱ్ఱబడుటను మీరు చూచియుందురు, అది పైపూత. ఇది లోనికి దిగిన రంగు; చచ్చిన తరువాత పుఱ్ఱెను చూచియే అది యేమి తిన్నదో కొంత చెప్పవచ్చును. మన నకలు దంతపు రంగున నున్నది. ఇది మూలమునకు గల రంగేనా, లేక పనివాడు ఎముక యిట్లుండునని తలచి పూసిన రంగా, నకలును చూచి చెప్పలేము. అట్లే, ఈ జంతువు పంటి పింగాణి పగులక నిలుచు శక్తిలో మనుష్యుని పంటికంటె సుమారు రెండున్నర రెట్లు అధికమని 2014లో ప్రకటింపబడిన పరిశోధనవలన తెలిసినది. ఆ సంగతిని మన రెసిన్ పన్ను ఎన్నటికిని చెప్పలేదు. దానిని సుత్తితో కొట్టినచో తెలియునది రెసిన్ గట్టిదనమే. బరువు, గుల్లదనము, ఎముకలోని అల్లిక, ఇవియు నంతే. తాతగారు ఒక్క గోటిదెబ్బతో కనుగొన్నది దీనినే.

ఇంకొక చిక్కు కలదు. దీనిని మేము పరీక్షాపత్రములు దిద్దునపుడు కనుగొంటిమి. మా నకలునందు ఎడమవైపు పై రదనిక, అనగా కోఱపన్ను, కొన విఱిగియున్నది. ఏ జంతువు పుఱ్ఱెమీద అచ్చు తీసిరో ఆ జంతువు బ్రదికియుండగా ఏ చిప్పనో కొఱికి విఱుగగొట్టుకొన్నది కాబోలు. ఒక తొమ్మిదవ తరగతి విద్యార్థి మిక్కిలి శ్రద్ధతో ఇట్లు వ్రాసెను: “సముద్రపు నీరుకుక్కకు ఎడమ కోఱపన్ను కుడిదానికంటె పొట్టిగా నుండును.” మేము నవ్వితిమి, తరువాత నవ్వు మానితిమి. వాడు చూచినది చూచినట్లే వ్రాసెను. ఒక్క మూలమునుండి నూఱు నకళ్లు పోసినచో, నూఱు పాఠశాలలలోను అదే కోఱ విఱిగియుండును. నూఱు పుఱ్ఱెలు చూచితిమని బాలురు భ్రమింతురు గాని, వారందఱు చూచినది ఒక్కటియే. ఒక్క జంతువును చూచి జాతికంతకు వర్తింపజేయరాదని మేమే ముందుగా చెప్పవలసియుండెను. వానికి పూర్తి మార్కులిచ్చితిమి.

ఇట్లయినచో నకలు మాని నిజమైన ఎముకనే తెప్పింపరాదా యని కొందఱు తల్లిదండ్రులు అడిగిరి. దీనికి జవాబు చరిత్రలో నున్నది. 1741లో బేరింగ్ అను నావికుని ఓడ ఉత్తర పసిఫిక్కున ఒక నిర్జన ద్వీపమునకు కొట్టుకొనిపోయి చెడెను. ఆ యోడలో గేయార్గ్ స్టెల్లర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడుండెను. ఆ చలికాలమున నావికులు ఈ జంతువుల మాంసము తిని ప్రాణములు నిలుపుకొనిరి. స్టెల్లర్ దానిని వర్ణించి వ్రాసెను. బ్రదికినవారు మరుసటి యేట తోళ్లు తీసికొని స్వదేశము చేరిరి. ఆ తోళ్ల మెత్తదనమును చూచిన వర్తకుల వేట ఆ పిమ్మట నూటడెబ్బది యేండ్లకు కొంచెము తక్కువ కాలము సాగెను. వేటకు ముందు ఒకటిన్నర లక్ష మొదలు మూడు లక్షల వఱకు నుండియుండునని అంచనా వేయబడిన జంతువులు, 1911 నాటికి రెండువేలకు మించి లేకపోయెను. ఆ యేట అమెరికా, రష్యా, జపాను, కెనడా తరపున బ్రిటను, ఈ నాలుగు ప్రభుత్వములును ఒడంబడిక చేసికొని వేటను ఆపినవి. కాలిఫోర్నియాలో ఈ జాతి పూర్తిగా నశించెనని చాలమంది తలచియుండగా, 1938లో బిగ్ సర్ తీరమున సుమారు 50 జంతువుల గుంపు జనులకు కనబడెను. నేడు ఆ రాష్ట్రపు తీరమున సుమారు 3 వేలు కలవు. అవన్నియు ఆ గుంపు సంతతియే.

వేటవలన నశించినది జంతువు మాత్రమే కాదు. సముద్రపు అడుగున కెల్పు అను నాచు అడవులవలె పెరుగును, చేపలకది ఇల్లు. అర్చిన్‌లు కెల్పు మొదళ్లను కొఱికి తినును. నీరుకుక్కలు అర్చిన్‌లను తినును. నీరుకుక్క లేనిచోట అర్చిన్‌లు పెరిగి కెల్పును తినివేసి, అడుగును బంజరు చేయును. అల్యూషియన్ ద్వీపములలో ఈ జంతువులున్న దీవులను లేని దీవులతో పోల్చిచూచి, ఎస్టెస్, పాల్మిసానో అను నిరువురు శాస్త్రజ్ఞులు 1974లో దీనిని ప్రకటించిరి. ఒక రోటివంటి పంటికిని ఒక సముద్రారణ్యమునకును సంబంధ మిట్టిది.

1972లో అమెరికాలో సముద్రపు స్తన్యజంతువుల రక్షణచట్టము వచ్చెను. అదే యేట మన దేశమున వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చెను. మన నీరుకుక్కకు రక్షణ దానివలననే. నున్నని బొచ్చు నీరుకుక్కను 2019లో అంతర్జాతీయ వర్తకము నిషేధింపబడిన జంతువుల పట్టికలో చేర్చిరి. విద్యార్థులారా, దీనిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనుడు: మన చట్టముప్రకారము వన్యజంతువు తనంతట చచ్చి పడియున్నను అది ప్రభుత్వపు ఆస్తి. సెలవులలో తాతగారి ఊరికి పోయి, ఏటిగట్టున పుఱ్ఱె దొరికెనని సంచిలో వేసికొని రాకూడదు. ఫోటో తీయుడు, ప్రక్కన స్కేలు ఉంచి తీసినచో ఇంకను మేలు, అటవీశాఖవారికి తెలుపుడు. నిజమైన ఎముకకు ధర పెట్టువారున్నంతకాలము, ఎముకకొఱకు జంతువును చంపువారునుందురు. నకలుకు ఆ దోషము లేదు. వేయి నకళ్లు పోసినను చావవలసిన జంతువు ఇంకొకటి లేదు.

మనుష్యుని ఎముకల విషయము ఇంకను బరువైనది. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన కళాశాలలో ఒక అస్థిపంజరము గాజుబీరువాలో వ్రేలాడుచుండెడిది. అది నిజమైనది. దానికి మేము విద్యార్థులము హాస్యపు పేరొకటి పెట్టి, సెలవురోజులముందు టోపీ తొడిగెడివారము. అది ఎవరి శరీరమని యప్పుడు మేమెవ్వరమును అడుగలేదు. అనేక దశాబ్దములపాటు ప్రపంచమందలి వైద్యకళాశాలలకు మనుష్యుల అస్థిపంజరములు విశేషముగా మన దేశమునుండి, అందును కలకత్తానుండి, ఎగుమతియయ్యెను. అవి తమకు గోరీగాని దహనముగాని చేయించువారు లేని బీదల శరీరములు చాలవఱకు. సమాధులనుండి దొంగిలింపబడినవియు నుండెను. 1985లో భారత ప్రభుత్వము ఆ యెగుమతిని నిషేధించెను. ఆ పిమ్మటనే లోకమున ప్లాస్టిక్ అస్థిపంజరములు పాఠశాలలలో విస్తారముగా వాడుకలోనికి వచ్చినవి. నేడు మా ప్రయోగశాలలో నున్నది ప్లాస్టిక్‌దే. దానికి టోపీ తొడిగినను ఎవ్వరికిని అపచారము లేదు. అయినను, మాకు ఆ పాత గాజుబీరువా జ్ఞప్తికి వచ్చి, తొడుగనియ్యము.

నకళ్లన్నియు ఒక్కతీరువి కావని చూపుటకై మేము పదవ తరగతివారిని హఫీజ్‌పేట స్టేషనులో లోకల్ రైలెక్కించి లక్డీకాపూల్‌లో దిగి, నౌబత్‌పహాడ్ మీది బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలకు తీసికొనిపోయితిమి. అక్కడ కోటసారస్ అను రాక్షసిబల్లి అస్థిపంజరము నిలిపియున్నది. ఇది మన నేలది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ప్రాణహిత గోదావరి లోయయందు, యామన్‌పల్లి గ్రామము దగ్గఱ 1970 దశకము చివర ఎముకలు దొరికినవి; ఎనిమిదివందల నలువదికి పైబడిన శకలములు. 1988లో యాదగిరిగారు ఆ జంతువునకు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణము చేసిరి. సుమారు 18 కోట్ల సంవత్సరముల నాటిది. బాలురు తల యెత్తి చూచి నోరు తెఱచిరి.

అప్పుడు మేము అడిగితిమి: “దీనిలో తల యేది?” అందఱును వ్రేలు చూపిరి. ఆ తల దొరకలేదు. పండ్లు దొరికినవి గాని పుఱ్ఱె దొరకలేదు. మీరు చూచు తల బంధువులైన ఇతర జంతువుల తలలనుబట్టి ఊహించి చేసినది. అంతేకాదు, దొరికిన ఎముకలు కనీసము పండ్రెండు జంతువులవి. వాటినుండి ఒక్క జంతువును నిలువబెట్టిరి. కావున అక్కడ నిజమైన ఎముక యున్నది, కాని నిజమైన ఒక జంతువు లేదు. మన బల్లమీది నకలునందు నిజమైన ఎముక లేదు, కాని నిజమైన ఒక జంతువు తల యున్నది, విఱిగిన కోఱతో సహా. రెంటిలో ఏది యెక్కువ నిజమని ఒక బాలుడు అడిగెను. ఏ ప్రశ్నకు జవాబు కావలెనో దానినిబట్టి యంటిమి. తల ఆకారమును గుఱించి అడిగినచో మన రెసిన్ ముక్కయే నమ్మదగినది. పురాతనపు ఎముక యెట్టి రాయిగా మారెనని అడిగినచో కోటసారస్ తొడయెముకయే గురువు.

మంచి నకలుకు లోకమున నెంత గౌరవము కలదో చెప్పుట కొక ఉదాహరణము. లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో 1905లో డిప్లొడోకస్ అను మహాకాయము పొడవైన అస్థిపంజరమును ప్రతిష్ఠించిరి. జనులు ముద్దుగా డిప్పీ యని పిలిచిరి. తరతరముల పిల్లలు దానిని చూచి పెరిగిరి. అది మొదటినుండి చివరివఱకు ప్యారిస్ ప్లాస్టరు నకలే. అసలు ఎముకలు అమెరికాలో పిట్స్‌బర్గునందున్నవి. కార్నెగీ అను ధనవంతుడు అట్టి నకళ్లను ఇతర దేశముల ప్రదర్శనశాలలకును పంపెను. ఎవ్వరును దానిని దాచలేదు. కావున ఎవ్వరికిని అవమానము కలుగలేదు. మా అట్టముక్క విషయమున లోపించినది అదియే.

నకలు యెట్లు తయారగునో తెలియనిదే దానిని నమ్ముటయు శంకించుటయు రెండును గ్రుడ్డివే. అందుచేత ఈ యేడు మా విద్యార్థులచేత స్వయముగా చేయించితిమి. హఫీజ్‌పేట మార్కెట్టులో మాంసపుదుకాణమువారు మేకదవడలను ఉచితముగా ఇచ్చిరి. వాటిని నీటిలో నానవేసి, మాంసము తీసివేసి, సబ్బునీటితో కడిగి, ఎండబెట్టవలెను. గట్టిగా ఉడికించరాదు, ఎముక పెళుసుబాఱును. తరువాత మెత్తని బంకమన్నును పలకగా చేసి, దవడకు పలుచగా నూనె రాచి, సగము లోతువఱకు నొక్కి, కదలకుండ తీయవలెను. ఆ గుంటయే అచ్చు. రెండు వంతుల ప్యారిస్ ప్లాస్టరును ఒక వంతు నీటిలో చల్లి, బుడగలు రాకుండ కలిపి, అచ్చులో పోయవలెను. అరగంటలో గట్టిపడును. గట్టిపడునపుడు వేడెక్కును, చేతివ్రేళ్లను ప్లాస్టరులో ముంచి ఉంచరాదని హెచ్చరించితిమి, అయినను ఒకడు ముంచెను, వెంటనే తీసెను.

మొదటి నకళ్లలో పండ్ల నడిమి సందులు రాలేదు. లోనికి వంగియున్న చోట మన్ను చిరిగిపోవును. అందుచేతనే వృత్తిపనివారు సాగెడు సిలికాన్ రబ్బరుతో అచ్చు తీయుదురు, రెండు మూడు ముక్కలుగా చేయుదురు. ఆ తాతగారు చూపిన అతుకు గీత ఎందుకు వచ్చునో మా విద్యార్థులకు అప్పుడు చేతులతో తెలిసెను. నేడు కొలతలను కంప్యూటరుతో గ్రహించి, అచ్చు లేకయే పొరపొరగా ముద్రించు పద్ధతియు వచ్చినది. మా విద్యార్థుల తండ్రులలో ఆ పని తెలిసినవారును కలరు. ఇంకొక సూక్ష్మము: ప్లాస్టరు గట్టిపడునపుడు రవంత వ్యాకోచించును, రెసిన్ రవంత సంకోచించును. కంటికి తెలియదు గాని, కొలబద్దకు తెలియవచ్చును. నకలును కొలిచి మిల్లీమీటరులో పదవవంతు వఱకు లెక్కలు వ్రాయు బుద్ధిమంతులు దీనిని గమనింపవలెను.

సేకరణ అలవాటు గల బాలబాలికలు మాలో పెక్కుమంది. గవ్వలు, రాళ్లు, ఈకలు, తపాలాబిళ్లలు. నకళ్లును సేకరింపదగినవే, వాటికి మేము ప్రత్యేకముగా ఒక అలమార ఇచ్చితిమి. నియమ మొక్కటే: చీటీ లేని వస్తువు అలమారలోనికి రాదు. చీటీలో మొదటి మాట “నకలు” కావలెను. తరువాత ఏ జంతువు, ఏ భాగము, ఏ పదార్థము, ఎవరు ఎప్పుడు చేసిరి, మూలమేదో తెలిసినచో అదియు, ఏది యూహించి చేసినదో అదియు. మేకదవడలు పందొమ్మిది యిప్పుడు చీటీలతో నున్నవి. అందులో నొకదానిపై “వ్రేలు ముంచినందున ఒక మూల చెడినది” అని వ్రాసియున్నది.

సముద్రపు నీరుకుక్క చీటీని మాత్రము ఆ బాలికచేతనే వ్రాయించితిమి. తాతగారు ప్రక్కన కూర్చుండి చూచిరి. ఆమె వ్రాసిన దిది: “నకలు. సముద్రపు నీరుకుక్క పుఱ్ఱె. రెసిన్‌తో పోసినది. అతుకు గీత దవడక్రింద చూడవచ్చును. ఎడమ కోఱ విఱిగినది ఈ జంతువుకే, అన్నిటికిని కాదు. రంగును నమ్మరాదు.” చివరి వాక్యమును కొట్టివేయుదుమా యని మేమొక నిమిషము తలచితిమి. తాతగారు చీటీని మఱల చదివించుకొని విని, “ఉండనీయండి అయ్యగారూ” అనిరి. ఉంచితిమి.